బాధే బోధా, బాధతో బోధా?

తుంగభద్ర: మొన్న ఆస్పత్రిలో నాన్న పక్కన రాత్రంతా కూర్చున్నాను. సెలైన్ చుక్కలు చూస్తుంటే, డిగ్రీలో మా మేడమ్ చెప్పిన గ్రీకు నాటకం మాట ఒకటి సగం గుర్తొచ్చింది. "నిద్రలో కూడా బాధ గుండె మీద చుక్క చుక్కగా..." ఆ తర్వాత ఎక్కడో జ్ఞానం అని వస్తుంది. సోఫోక్లిసా? మొత్తం ఎవరికైనా గుర్తుందా?

పాతప్రతి: ఈస్కిలస్ అండీ. 'అగమెమ్నాన్', క్రీ.పూ. 458. ఆర్గోస్ ముసలివాళ్ల కోరస్ పాడేది. రెండు పంక్తుల ముందే 'పథెయ్ మథోస్' ఉంటుంది, అంటే బాధపడి నేర్చుకోవడం. దాన్ని నేను 'బాధే బోధ' అంటాను. గ్రీకులో ఉన్న జంట మోత తెలుగులోనూ దక్కింది.

నదీతీరం: మోత బాగుంది, ఆ 'ఏ' మాత్రం ఒప్పుకోను. పథెయ్‌లో ఉన్నది 'తో', 'వల్ల' అనే అర్థం. 'బాధే బోధ' అంటే రెండూ ఒకటైపోతాయి. పైగా పథోస్ అంటే ఒట్టి బాధ కాదు. దాని క్రియ పాస్ఖో, అచ్చం మన 'పడు'. మనం బాధపడతాం, సుఖపడతాం. గ్రీకులో మేలు పొందడానికీ ఆ క్రియే. "అనుభవమైతే గానీ తత్వం బోధపడదు" అన్న సామెత దీనికి దగ్గర. 'బోధపడదు'లోనూ ఆ 'పడు' ఉంది, చూడండి!

పాతప్రతి: ఆ మాట వచ్చే చోటు చూడండి సార్. ట్రాయ్ మీదికి బయలుదేరిన ఓడలు ఆగిపోయిన ఔలిస్ రేవు కథ చెబుతూ, కోరస్ వాళ్లు మధ్యలో ఆపి దేవతల రాజు జ్యూస్‌ని తలుచుకుంటారు. వెంటనే వచ్చేది ఇఫిజెనియా బలి. కూతుర్ని మేకపిల్లలా బలిపీఠం పైకి ఎత్తమని, నోరు మూయమని కన్నతండ్రి అగమెమ్నానే చెబుతాడు. అక్కడ 'అనుభవం' అంటే చప్పగా ఉండదూ?

శ్రోత: 'వేదన' అనండి, గొడవ తీరిపోతుంది. విద్ ధాతువు. తెలుసుకోవడం, నొప్పి రెండూ ఒకే మాటలో ఉన్నాయి.

నదీతీరం: సంస్కృతంలో సరే. తెలుగులో వేదన అంటే నొప్పే వినిపిస్తుంది.

చేవ్రాత: మీరంతా నిద్రను వదిలేశారు. రాతప్రతుల్లో ఉన్నది 'ఎన్', అంటే నిద్రలో. కొందరు పరిష్కర్తలు 'అంథ్' అని దిద్దారు, అంటే నిద్రకు బదులు. 1968 ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త ఇండియానాపొలిస్‌లో జనానికి చెబుతూ అమెరికా సెనేటర్ రాబర్ట్ కెనెడీ ఈ పంక్తులే తలుచుకున్నాడు: మరవలేని బాధ నిద్రలోనూ గుండె మీద చుక్క చుక్కగా పడుతుంది, చివరికి మనం వద్దన్నా జ్ఞానం వస్తుంది అని వాటి సారం. ఎడిత్ హామిల్టన్ అనువాదంలోని 'డిస్పైట్' ఆయన నోట 'డిస్పెయిర్' అయింది. 'మనం వద్దన్నా' కాస్తా 'నిరాశలో' అయిపోయింది. నాకైతే ఆ రాత్రికి ఆ తప్పే సరైన మాట అనిపిస్తుంది.

శ్రోత: ఈస్కిలస్ అనగానే నాకు తిక్కన స్త్రీపర్వం గుర్తొస్తుంది. పర్షియన్లతో జరిగిన మారథాన్ యుద్ధంలో ఈయన స్వయంగా పోరాడాడు, తోడబుట్టిన కినెగైరస్‌ని అక్కడే పోగొట్టుకున్నాడు. ఆ యుద్ధం అయిన పద్దెనిమిదేళ్లకు 'పర్షియన్లు' నాటకం రాసి, అదే శత్రువు ఇంట్లో తల్లి దుఃఖాన్ని ఏథెన్స్ వాళ్లకు చూపించాడు. గాంధారిని తిక్కన మాట్లాడించినట్టే. పగవాడి ఇంటి ఏడుపు ఇంత గౌరవంగా రాసినవాళ్లు ఎందరున్నారు?

చేవ్రాత: తిక్కన గురించి ఇంకో పోస్టు పెడదాం అండీ, ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

తుంగభద్ర: ఆ రాత్రి నాకు కునుకైనా పట్టలేదు. 'నిద్రకు బదులు' పాఠమే నాది.

పాతప్రతి: అయితే ఇలా అందామా: "నిద్రకు బదులు గుండె ముందు కారుతుంది, గాయాన్ని మరవని నొప్పి." 'చుక్క చుక్కగా' ఇంగ్లీషులో చేరింది. కారడం అన్న క్రియలోనే చుక్క ఉంది.

నదీతీరం: 'గుండె ముందు' ఏమిటండీ? మీద కదా కారాలి?

పాతప్రతి: మూలంలో 'ప్రో'. ముందే.