రక్షణ (దేవుడు పాపం నుంచి విడిపించి ఇచ్చే నిత్యజీవం) పోతుందా? మా చిన్నాయన గురించి అడుగుతున్నా

పర్కాల తమ్ముడు:
అందరికీ వందనాలు. పోయిన నెల మా చిన్నాయన చనిపోయాడు. ఇరవై ఏళ్లు సంఘంలో ఉన్నాడు, ఊరి చెరువులో బాప్తిస్మం తీసుకున్నాడు, ఆదివారం డప్పు ఆయన చేతిలోనే ఉండేది. కొడుకు యాక్సిడెంట్‌లో పోయాక చర్చికి రావడం మానేశాడు, తాగుడు పట్టుకుంది, ఆఖరి నాలుగేళ్లు ఎవరైనా ప్రార్థన చేద్దామంటే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. సమాధి దగ్గర వాక్యం చెప్పినాయన, రక్షణ పోగొట్టుకున్నవాడి ముగింపు ఇట్లుంటుంది అన్నారు. పక్కనే చిన్నమ్మ. అప్పట్నుంచి ఆమె సరిగా అన్నం తినడం లేదు. నిజంగా పోతుందా? ఓదార్చడానికి కాదు, వాక్యం చూపించి చెప్పండి.

హన్మకొండ బాప్టిస్టు:
తమ్ముడూ, పోదు. యోహాను 10:28 తీసి చిన్నమ్మకు చదివి వినిపించు, నా చేతిలోంచి ఎవడూ నా గొర్రెల్ని లాక్కోలేడని ప్రభువే అన్నాడు. అక్కడ పట్టుకున్నది కాపరి, గొర్రె పట్టు ఎంత గట్టిదని ఎవరూ అడగలేదు. ఈ గొడవ మనతో మొదలైంది కాదు, 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో ప్రొటెస్టంటు సంఘాలవాళ్లు సభ పెట్టి దీన్ని కూడా తేల్చారు. విశ్వాసి ఘోరంగా పడిపోవచ్చు, దావీదు, పేతురు పడలేదా, కానీ దేవుడు తన ఆత్మను వాళ్ల దగ్గర్నుంచి పూర్తిగా తీసెయ్యడు అన్నారు. ఇక పూర్తిగా వదిలేసి పోయినవాళ్లంటావా, 1 యోహాను 2:19 చూడు, వాళ్లు మొదట్నుంచీ మనవాళ్లు కారు.

మెదక్ నుంచి వచ్చి వరంగల్‌లో ఉంటున్న అక్క:
అన్నా, ఆ చివరి మాట దగ్గరే నాకు అభ్యంతరం. పడి లేస్తే నిజమైన విశ్వాసి, లేవకపోతే మొదట్నుంచీ కాదు అంటే, మరి ఇరవై ఏళ్లు డప్పు కొట్టిన మనిషి విశ్వాసం అబద్ధమా? ఇది పోతుంది అనడం కన్నా క్రూరంగా ఉంది. నేను సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), మాకు మిషనరీలు వెస్లియన్ మెథడిస్టులు, ఆ మెథడిస్టులకు మూలపురుషుడైన వెస్లీ నేర్పింది పడిపోవడం సాధ్యమేనని. హెబ్రీ 6:4-6 వెలిగింపబడి, పరిశుద్ధాత్మలో పాలుపొంది తప్పిపోయినవాళ్ల గురించే మాట్లాడుతోంది, గలతీ 5:4 కృపలోనుంచి తొలగిపోయారంటోంది. ఇవి ఉత్త బెదిరింపులని నేను అనుకోను. కానీ ఒకటి, డోర్ట్ సభలో అవతలి పక్షంగా ఖండించబడ్డవాళ్లే 1610లో రాసుకున్న పత్రంలో ఈ ఒక్క అంశం దగ్గర, లేఖనాలు ఇంకా పరిశీలించాలి అని ఆగారు. వాళ్లే ఆగిన చోట సమాధి పక్కన నిలబడి తీర్పు చెప్పడానికి మనమెవరం?

హన్మకొండ బాప్టిస్టు:
అక్కా, క్రూరం అన్న మాట తగిలింది, ఒప్పుకుంటా. ఆయన విషయంలో 2:19 తీసి ఉండకూడదు, ఆయన పడి లేచిన పేతురు వరసలో ఉన్నాడో లేదో నాకేం తెలుసు. కానీ యేసు చెప్పిన కథలో ఇల్లు వదిలిపోయి తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుడి సంగతి చూడండి, పందుల దగ్గరున్నప్పుడు కూడా వాడు కొడుకే.

మెదక్ అక్క:
కొడుకే. కానీ చనిపోయాడు అని ఆ తండ్రే అన్నాడు కదా, చనిపోయి మళ్లీ బ్రతికాడని. రెండూ ఆయన నోటి మాటలే.

కాజీపేట కథోలికుడు:
మా దగ్గర 1547లోనే ట్రెంట్‌లో జరిగిన కథోలిక సభ చెప్పింది, చావైన పాపంతో (తెలిసి చేసిన ఘోర పాపంతో) కృప పోతుంది, పాపసంకీర్తనంతో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంతో, తిరిగి దొరుకుతుంది. అయినా ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని మా తిరుసభ ఇంతవరకు ఎవరి పేరూ ప్రకటించలేదు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థిస్తాం, అంతే.

పర్కాల తమ్ముడు:
అన్నీ చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనకుండా లోపలికి పోయి చిన్నాయన బైబిలు తెచ్చింది. వెనక అట్ట లోపల బాప్తిస్మం తేదీ, దాని కింద వణికిన అక్షరాలతో కొడుకు పోయిన తేదీ, రెండూ ఆయన చేతిరాతే. 88వ కీర్తన దగ్గర బీడీ కట్ట మీది కాగితం మడిచి పెట్టి ఉంది. ఆ కీర్తన చీకటిలోనే ఆగిపోతుంది, చివరికి వెలుగు రాదు, కానీ మొదట్నుంచి చివరిదాకా దేవుడితోనే మాట్లాడుతుంది. ప్రార్థన అనగానే లేచి బయటికి పోయిన మనిషి ఇది ఎప్పుడు చదివాడో ఎవరం చూడలేదు. రాత్రి చిన్నమ్మ కొంచెం పెరుగన్నం తిన్నది. అక్కా, ఆదివారం ఆ బైబిలు తీసుకొని ఆ వాక్యం చెప్పినాయన దగ్గరికి పోతున్నా. హెబ్రీ 6 మీద నాకు మాటలు రావు, వీలైతే మీరూ రండి. హన్మకొండ అన్న వచ్చినా మంచిదే.