కొత్త దేశానికి 10 రోజుల మిషన్ ట్రిప్: ముందు ఏది మొదలుపెట్టాలి?

గిద్యోను కుండ

అందరికీ వందనాలు. మా సంఘ యువకుల్లో 12 మందిమి ఒక దేశానికి 10 రోజుల మిషన్ ట్రిప్ (సువార్త యాత్ర) అనుకుంటున్నాం. ఇంకా పది వారాలుంది. ఆ దేశం మాలో ఎవరూ చూడలేదు, భాష రాదు. అక్కడి పాస్టర్ గారు ఒకరు రమ్మని రాశారు. పేరు బయటపెడితే ఆయనకు ఇబ్బందేమోనని దేశం పేరు రాయట్లేదు. వేడి ప్రదేశం, మలేరియా ఉంది, విశ్వాసులు తక్కువ.

అనుకున్న కార్యక్రమం: పగలు పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి), సాయంత్రం కూటాలు, ఒక రోజు అనాథాశ్రమం, ఒక రోజు చర్చి గోడలకు రంగులు. మాలో ఇద్దరు నర్సులున్నారు కాబట్టి ఒక మెడికల్ క్యాంపు. టూరిస్టు వీసా తేలిగ్గా వస్తుందంటున్నారు, అది చాలా? టీకాలు ఏవి, ఎప్పుడు వేయించుకోవాలి? తర్జుమా సంగతి ఏంటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

బెరయ వాసి

దేశం పేరు రాయకపోవడం మంచి పని చేశారు బ్రదర్. అదే జాగ్రత్త తిరిగొచ్చేదాకా, వచ్చాక కూడా ఉంచండి.

ముందు వీసా తేల్చండి, మిగతావన్నీ దాని వెనకే. టూరిస్టు వీసా వస్తుంది సరే, దాని మీద వాక్యం చెప్పొచ్చా అన్నది వేరే విషయం. ప్రసంగించడం, బోధించడం, వైద్యం చేయడం చాలా దేశాల్లో టూరిస్టు షరతుల్లోకి రావు. "జీతం తీసుకోవట్లేదు కదా" అంటే ఇమ్మిగ్రేషన్ వాళ్లు వినరు. కొన్ని దేశాలు మతపరమైన పనులకు విడిగా వీసా పెట్టాయి. దానికి అక్కడ రిజిస్టరైన సంఘమో సంస్థో మీ తరఫున హామీ ఉండాలి. ఈ వారంలోనే ఆ దేశ ఎంబసీకి ఈమెయిలు రాయండి. మీరు చేయబోయే పనులు ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. "సోషల్ విజిట్" లాంటి గుండ్రటి మాటలతో అడిగితే జవాబూ అలాగే వస్తుంది, రేపు మీకు అక్కరకు రాదు.

రెండోది చట్టం. నేపాల్‌లో 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించినా, ఆ ప్రయత్నం చేసినా ఐదేళ్ల దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష ముగిశాక ఏడు రోజుల్లో పంపేస్తారు. రష్యాలో 2016 సవరణల తర్వాత నివాస గృహాల్లో మిషనరీ పని చేయడం నిషిద్ధం. మొరాకోలో ఒక ముస్లిం విశ్వాసాన్ని కదిలించే ప్రయత్నానికి 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది. మీరు వెళ్లే దేశంలో ఏముందో ఆ పాస్టర్ గారినే కాక అక్కడి వకీలు ఒకరిని కూడా అడిగించండి. ఏదైనా జరిగితే మీరు విమానం ఎక్కి వచ్చేస్తారు, స్టేషన్‌కు పిలిచేది ఆయన్ని. అందుకే బహిరంగ కూటం పెట్టాలా, చర్చి లోపలే చాలా అన్న నిర్ణయం ఆయనదే. మీ సంఘం ఒత్తిడి పెట్టకూడదు.

ఆహ్వాన పత్రంలో ఇవి ఉండాలి: ఆతిథ్య సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, సంతకం చేసేవారి హోదా, మీ 12 మంది పేర్లు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే, తేదీలు, బస ఎక్కడ, ఖర్చు ఎవరిది, ఏ పనికి. దాని కాపీ ప్రతి ఒక్కరి చేతిసంచిలో ఉండాలి. విమానాశ్రయంలో 12 మందినీ కలిపి అడగరు, ఒక్కొక్కరినీ అడుగుతారు. ఒకరు "టూరు" అని, ఇంకొకరు "సేవ" అని, మూడోవారు "పని" అని అంటే అక్కడే ఆగిపోతారు. "పని" అన్న మాట ఉద్యోగంగా వినబడుతుంది. వీసా ఫారంలో ఏం రాశారో అదే నోట రావాలి, అది నిజమై ఉండాలి. అబద్ధంతో వెళ్లే సువార్త యాత్ర ఎందుకండీ అసలు.

బైబిళ్లు పెట్టెల్లో మోసుకెళ్లకండి. ఒక్కొక్కరి దగ్గర ఒకటి సొంత వాడకం. అదే పుస్తకం రెండొందల ప్రతులంటే కస్టమ్స్ దృష్టిలో సరుకు, కొన్ని దేశాల్లో నిషిద్ధ సరుకు. చాలా దేశాల్లో సొంత బైబిల్ సొసైటీ ఉంది. అక్కడే, వాళ్ల భాషలో, వాళ్ల అనువాదంలో కొనిపించండి.

పాస్‌పోర్టులు ఇవాళే తెరిచి చూడండి. దిగే తేదీ నుంచి ఆరు నెలల గడువు, కనీసం రెండు ఖాళీ పేజీలు. మైనర్లు ఉంటే తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం నోటరీతో.

లూకా మందుల సంచి

ఆరోగ్యం వరకు నేను చెప్తాను. పది వారాలు బాగానే సరిపోతుంది, ప్రయాణం ఇంకా ఎనిమిది వారాలు ఉండగానే మొదలుపెట్టండి. ట్రావెల్ క్లినిక్‌కు వెళ్లేటప్పుడు దేశం పేరొక్కటే కాక ఊళ్ల పేర్లు, మధ్యలో విమానం మారే దేశాలు కూడా రాసుకెళ్లండి.

ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే వైరస్ జ్వరం) టీకా: ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేస్తారు. సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాత నుంచి చెల్లుతుంది. 2016 జూలై 11 నుంచి ఒక డోసు జీవితాంతం చెల్లుతుంది, పాత కార్డు మీద పదేళ్లు అని ఉన్నా సరే. వెళ్లే దేశంలో ఆ జబ్బు లేకపోయినా, ముప్పున్న దేశపు విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే కార్డు అడిగే దేశాలున్నాయి. జట్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఇది బతికున్న వైరస్ టీకా. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడేవాళ్లు, గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు, 60 దాటినవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి ఇంకో లైవ్ టీకా కూడా కావాలంటే రెండూ ఒకే రోజు, లేదంటే నాలుగు వారాల ఎడం.

హెపటైటిస్ ఏ ఒక డోసుతోనే ఈ ట్రిప్‌కు రక్షణ వస్తుంది, రెండోది ఆరు నెలల తర్వాత. టైఫాయిడ్ ఇంజెక్షన్ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు. ధనుర్వాతం టీకా పదేళ్లు దాటిందేమో చూసుకోండి. ఊళ్లలో తిరుగుతారు కాబట్టి రేబిస్ ముందస్తు డోసులు 0వ రోజు, 7వ రోజు వేయించుకుంటే మంచిది. కుక్క కరిస్తే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. ముందు వేయించుకున్నవాళ్లకు కూడా మళ్లీ టీకా కావాలి. కాకపోతే దొరకడం కష్టమైన ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న ప్రతిరక్షకాల ఇంజెక్షన్) అవసరం తప్పుతుంది.

మలేరియా మాత్రల్లో ఏది ఎవరికి అన్నది డాక్టరు తేల్చాలి. లెక్క మాత్రం ఇది: అటొవాక్వోన్-ప్రోగ్వానిల్ వెళ్లే ముందు ఒకటి రెండు రోజులు, తిరిగొచ్చాక 7 రోజులు. డాక్సీసైక్లిన్ కూడా ముందు అంతే, తిరిగొచ్చాక మాత్రం 4 వారాలు. మెఫ్లోక్విన్ కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టి, వచ్చాక 4 వారాలు. మానసిక సమస్యల చరిత్ర ఉన్నవాళ్లకు అది వద్దు. ఇంటికి రాగానే మాత్రలు మానేసి జ్వరం తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. కాలేయంలో దాగిన పరాన్నజీవి రక్తంలోకి వచ్చాకే డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ దాన్ని చంపుతాయి, అందుకే ఆ నాలుగు వారాలు. డాక్సీసైక్లిన్ గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకండి, లేకపోతే అన్నవాహిక పుండవుతుంది. ఎండకు చర్మం కూడా త్వరగా కమిలిపోతుంది. దోమలు కుట్టకుండా ఒంటికి 20 నుంచి 30 శాతం డీట్ ఉన్న మందు, బట్టలకు పెర్మెత్రిన్ అనే కీటకనాశిని. సన్‌స్క్రీన్ రాసేటట్టైతే అది ముందు, డీట్ దాని మీద. వచ్చాక కొన్ని నెలల్లోపు జ్వరమొస్తే డాక్టరు అడక్కపోయినా ఫలానా దేశం వెళ్లొచ్చానని చెప్పండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు తలా పది. అయిపోతే ఒక లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ కుప్పగా కాక చెంచా అంచుకు సమంగా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, ఉజ్జాయింపుగా వేయకండి. లోపెరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర) బస్సు ప్రయాణానికి పనికొస్తుంది గానీ, జ్వరమో రక్తమో ఉంటే వేసుకోవద్దు.

సొంత మందులు అసలు ప్యాకింగ్‌లోనే, చీటీ కాపీతో, చేతిసంచిలో. ట్రామడాల్, కోడీన్ లాంటి నొప్పి మందులు, నిద్రమాత్రలు కొన్ని దేశాల్లో మత్తుపదార్థాల కిందికొస్తాయి. జపాన్‌లోనైతే సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించిన జలుబు మందు కూడా నిషిద్ధం.

మెడికల్ క్యాంపు మాత్రం ఈసారికి తీసేయండి. మీ నర్సుల లైసెన్సు ఆ దేశంలో చెల్లదు, అక్కడి కౌన్సిల్ తాత్కాలిక అనుమతి ఇవ్వాలి. మందుల దిగుమతికి ఇంకో అనుమతి. దానంగా ఇచ్చే మందులు చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్తాయి. అన్నిటికీ మించి, ఒక్క రోజు క్యాంపులో బీపీ మాత్ర మొదలుపెడితే నెల తర్వాత అది ఎవరిస్తారు? చేతులు కడుక్కోవడం, ఓఆర్ఎస్ కలపడం నేర్పించండి, అదీ అక్కడి ఆరోగ్య కార్యకర్తతో కలిసి.

ఇన్సూరెన్స్‌లో మెడికల్ ఇవాక్యుయేషన్ (జబ్బుపడినవాళ్లను అత్యవసరంగా మంచి ఆసుపత్రి ఉన్న చోటికి తరలించడం) ఉందో లేదో చూసుకోండి. మోటార్‌సైకిలు ప్రమాదాలను చాలా పాలసీలు మినహాయిస్తాయి. అక్కడ భయపడాల్సింది పాములకంటే రోడ్లకు. రాత్రి ప్రయాణం పెట్టుకోకండి, బెల్టు లేని బండి ఎక్కకండి.

అహరోను నోరు

తర్జుమా గురించి ఎవరూ చెప్పలేదు, నాలుగు మాటలు.

అరగంట ప్రసంగం అంటే మీ మాటలు పావుగంటే. మిగతా పావుగంట తర్జుమా చేసేవారిది. నోట్సు రెండు రోజుల ముందే ఆయన చేతిలో పెట్టండి, వాక్యభాగాలతో సహా. ఒక పూర్తి వాక్యం చెప్పి ఆగండి. సగంలో ఆగితే క్రియ ఏమిటో తెలియక ఆయన నోరు కట్టేసినట్టవుతుంది. ప్రాస కలిపిన మూడు పాయింట్లు, చమత్కారాలు, సామెతలు తీసేయండి. జోకుకు జనం నవ్వారంటే చాలాసార్లు తర్జుమా చేసేవారే "ఇది జోకు, నవ్వండి" అని ఉంటారు. సభను చూసి మాట్లాడండి, ఆయన ముఖం చూసి కాదు. రోజంతా ఒక్కరే చేయలేరు, ఇద్దరిని అడగండి.

వచనాల సంఖ్యలు సరిచూసుకోండి. సెప్టువజింతు (పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదం) లెక్కలో 9, 10 కీర్తనలు ఒకటే. కాబట్టి రష్యన్ సినోదల్ బైబిల్లో మన 23వ కీర్తన 22వది. "23 తీయండి" అంటే సభంతా "భూమియు దాని సంపూర్ణతయు" దగ్గర ఉంటుంది, మీరేమో కాపరి గురించి చెప్తుంటారు.

ఇంకొకటి. "యేసును అంగీకరించినవాళ్లు చేతులెత్తండి" అని లెక్కపెట్టి రిపోర్టు రాయకండి. అతిథి మాట కాదనలేక ఎత్తేవాళ్లుంటారు, మూడు సాయంత్రాలూ వచ్చి మూడుసార్లూ ఎత్తేవాళ్లుంటారు. ఎవరు నిలబడ్డారో ఏడాది తర్వాత అక్కడి కాపరికే తెలుస్తుంది.

గిద్యోను కుండ

చాలా కృతజ్ఞతలు. మెడికల్ క్యాంపు తీసేస్తున్నాం. మరి అనాథాశ్రమం, రంగులు? పిల్లలకు బట్టలు, బొమ్మలు కూడా సేకరిస్తున్నారు మా స్త్రీల సమాజం వాళ్లు.

దోర్కా సూది

అనాథాశ్రమం కూడా తీసేయండి తమ్ముడూ. అక్కడ ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. సందర్శకులు, కానుకలు వస్తున్నకొద్దీ పిల్లల్ని చేర్పించడం ఒక వ్యాపారమైపోయిన చోట్లున్నాయి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ బాలల హక్కుల తీర్మానంలో ఈ వలంటీరు సందర్శనల హాని గురించి ప్రత్యేకంగా రాసింది. ఒక పూట ఎత్తుకుని ముద్దాడి వెళ్లిపోయేవాళ్లు వారం వారం మారుతుంటే ఆ పసివాళ్ల మనసు ఏమవుతుందో ఆలోచించండి.

వీబీఎస్ ఉంచండి, కానీ పాఠం చెప్పేది అక్కడి సండే స్కూల్ టీచర్లు, మీరు పాటలకు, ఆటలకు సాయం. ఏ పిల్లతోనైనా పెద్దవాళ్లు ఎప్పుడూ ఇద్దరుండాలి, మరుగుదొడ్డికి తీసుకెళ్లేటప్పుడు కూడా. ఫొటోకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. పేరు, ఊరు, ముఖం మూడూ కలిసి ఎక్కడా పెట్టకూడదు. ఫోన్లలో లొకేషన్ ఆపేయండి.

రంగుల విషయం పాస్టర్ గారిని ఇలా అడగండి: "ఈ డబ్బు మీ చేతికిస్తే ఏం చేయిస్తారు?" అక్కడ కూలి లేక కూర్చున్న పెయింటర్ ఉంటే, 12 మంది చేతకానివాళ్లు అతని రెండు రోజుల పనిని లాక్కున్నట్టే.

బట్టలు వద్దు. పెట్టె బరువుకు కట్టే అదనపు చార్జీతో అక్కడే కొత్తవి కొనొచ్చు, అక్కడి దర్జీకి పనీ దొరుకుతుంది. బొమ్మలు, మిఠాయిలు గుంపులో పంచితే తొక్కిసలాటే, దొరకని పిల్ల తల్లి పాస్టరమ్మ గారిని నిలదీస్తుంది. ఏదిచ్చినా సంఘ పెద్దల ద్వారా, మీరు వెళ్లిపోయాక, మీ పేరు లేకుండా. విడిగా ఎవరైనా చేయి పట్టుకుని కష్టం చెప్పుకుంటే మీలో ఎవరూ జేబులోంచి తీయకూడదు. ఈ నియమం బయల్దేరకముందే 12 మందితో సంతకం పెట్టించండి, అక్కడికెళ్లాక మనసు ఆగదు.

మీ 12 మంది భోజనం, బండి, నీళ్లు ఆ చిన్న సంఘం మీద పడతాయి. అంచనా వేయించి సొమ్ము ముందే పంపండి. 15 సీట్ల వ్యానులో 12 మంది పడతారు గానీ 12 పెట్టెలు పట్టవు. ఆరుగురైతే ఇంకా మేలు. యేసు డెబ్బదిమందిని కూడా ఇద్దరిద్దరిగానే పంపాడు, గుంపుగా కాదు. ముందు పెట్టింది తినమన్నాడు కూడా, కాబట్టి వంటకు వంక పెట్టే మనిషిని ఈసారి ఇంట్లో ఉంచండి.

బెరయ వాసి

సిస్టర్ చెప్పినదానికి చిన్న చేర్పు. వీసా చేతికి రాకముందు రద్దుకు డబ్బు తిరిగిరాని టికెట్లు కొనకండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేక ఒక్క పేరే ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందే చూసుకోండి. యూఏఈ 2022 నవంబరు నుంచి అలాంటివాళ్లకు విజిట్ వీసా ఇవ్వట్లేదు, మధ్యలో దిగి ఊరు చూద్దామనుకుంటే కుదరదు. నగదు ముగ్గురి దగ్గర పంచి పెట్టండి. డాలర్లైతే చిరగని, మడత లేని, కొత్త సిరీస్ నోట్లే అడిగి తీసుకోండి. పాతవి చాలాచోట్ల తీసుకోరు, తీసుకున్నా తక్కువ రేటు. పవర్ బ్యాంకులు చెకిన్ పెట్టెలో పెట్టకూడదు. చేతిసంచిలోనే, 100 వాట్-అవర్ లోపు, అంటే 3.7 వోల్టుల లెక్కన దాదాపు 27,000 ఎంఏహెచ్. మీ సౌండ్ బాక్సుకు పెద్ద బ్యాటరీ ఉంటే దాన్నీ ఈ లెక్కలోనే చూడండి, లేదంటే అక్కడే అద్దెకు తీసుకోమని పాస్టర్ గారికి ఇప్పుడే రాయండి.