అరిగిన లీ-ఎన్‌ఫీల్డ్ బ్యారెల్‌కు ఏ బుల్లెట్ సరిపోతుంది?

అమెరికాలో పాత మిలిటరీ రైఫిళ్లు సేకరించి కాల్చే తెలుగువారెవరైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వండి.

రైఫిల్ సావేజ్ తయారీ లీ-ఎన్‌ఫీల్డ్ నం.4 మార్క్ 1*, .303 క్యాలిబర్, బుల్లెట్‌ను తిప్పే మెలిక గాడులు రెండే ఉన్న బ్యారెల్. 50 గజాల్లోనే బుల్లెట్లు టార్గెట్‌కు అడ్డంగా తగులుతున్నాయి. మెత్తని సీసపు గుండును బ్యారెల్‌లోంచి తోసి కొలిస్తే గాడి నుంచి గాడికి 0.315 అంగుళం వచ్చింది. వాడుతున్నది 0.311 బోట్-టెయిల్ (అడుగు సన్నబడే బుల్లెట్), బరువు 174 గ్రెయిన్లు. ఇంత అరిగిన బ్యారెల్‌లో బోట్-టెయిల్ అడుగు ఉబ్బి గాడిని పట్టుకోదు కాబట్టి మొదటి అనుమానం దానిమీదే. బ్యారెల్ మూతి కూడా బాగా అరిగింది: తూటా ముక్కును అందులో పెడితే ఇత్తడి కేసు నోటి దాకా దిగిపోతోంది. శుభ్రం చేసే తాడు రాపిడి కావచ్చు. హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ చాంబర్‌లో కేసు అడుగంచు ఆనే చోటుకూ మధ్య దూరం) మాత్రం బాగానే ఉంది, 0.074 గేజ్ మీద బోల్ట్ మూసుకోవడం లేదు.

0.312 ఫ్లాట్-బేస్ (అడుగు చదునైన బుల్లెట్) చాలా, లేక గ్యాస్ చెక్ (అడుగున రాగి టోపీ) ఉన్న 0.316 పోత సీసపు బుల్లెట్‌కే వెళ్లాలా? అలా వెళితే కేసు మెడ చాంబర్‌లో బిగుసుకోకుండా ఎంత ఖాళీ ఉంచుతున్నారు? మూతిని కౌంటర్‌బోర్ చేయిస్తే (అరిగిన కొనను లోపలికి వెడల్పుగా తొలిపిస్తే) సేకరణ విలువ పోతుంది, అందుకే అది చివరి దారి. చేయించినవారు ఎంత లోతు కోయించారో, గ్రూప్ (టార్గెట్ మీద దెబ్బల మధ్య ఎడం) ఎన్ని అంగుళాలకు తగ్గిందో చెప్పండి.