మన మిర్చి యార్డుకు ఏ ప్రపంచీకరణ సిద్ధాంతం సరిపోతుంది?

నల్లపాడు రైతుబిడ్డ:
ఎమ్మే పరీక్షకు చదువుతున్నా. ప్రపంచీకరణ మీద ఉన్న సిద్ధాంతాల్లో నాకు అమెరికా సమాజశాస్త్రవేత్త ఇమాన్యుయేల్ వాలర్‌స్టైన్ 1974లో చెప్పిందే నిజమనిపిస్తోంది. ప్రపంచమంతా ఒకటే పెట్టుబడిదారీ వ్యవస్థ. కేంద్ర దేశాలు లాభసాటి పనులు తమ దగ్గరే ఉంచుకుంటాయి, అంచు దేశాలు ముడిసరుకూ చౌక శ్రమా ఇస్తాయి. తేజ రకం మిరపకాయనే చూడండి. కోత కూలీలు ఎండలో కోస్తారు, కల్లంలో ఆరబోస్తాం, తాలు ఏరించి టిక్కీలు (బస్తాలు) తొక్కించి యార్డుకు తోలతాం. చైనా వాళ్లు కొనడం ఆపితే ధర పడిపోతుంది. కాయలోంచి ఘాటూ రంగూ పిండి తీసే ఒలియోరెజిన్ అనే సారం మీద లాభం మాత్రం కల్లం దాకా రాదు.

పటమట మాస్టారు:
బాబూ, నీ బాధ న్యాయమే, లెక్క మాత్రం కుదరలేదు. వాలర్‌స్టైన్ లెక్కలో చైనా కేంద్ర దేశం కాదు, కేంద్రానికీ అంచుకూ మధ్య అంచెలోది. ఒలియోరెజిన్ తయారీలో మన దేశం ముందు వరుసలో ఉంది, పెద్ద ఫ్యాక్టరీలు కేరళలో ఉన్నాయి. మరి లాభం ఏ కేంద్రానికి పోతున్నట్టు?

సమాజశాస్త్రవేత్త జాన్ మేయర్ వాళ్లు చెప్పింది కూడా చదువు. పోలికే లేని దేశాలు ఒకే తీరు రాజ్యాంగాలు, విద్యాశాఖలు, జనాభా లెక్కలు ఎందుకు పెట్టుకుంటున్నాయి? ఇలా ఉంటేనే ఆధునిక దేశం అనే నమూనా ప్రపంచమంతా పాకింది కాబట్టి. మిర్చి విషయంలోనూ అంతే. 2003లో కారంలో సుడాన్ అనే హానికరమైన కృత్రిమ రంగు దొరికాక యూరప్ పరీక్షలు తప్పనిసరి చేసింది. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. అందుకే ఇవాళ కల్లంలో కాయ నేల తాకకుండా టార్పాలిన్ పట్టా పరవమంటున్నారు. ఇదంతా ఒక్క దోపిడీ అనే మాటతో అర్థమవుతుందా?

తెనాలి అమ్మాయి:
ఇద్దరూ ఇదంతా నిన్నగాక మొన్న మొదలైనట్టు రాస్తున్నారు. అసలు మిరప మొక్కే మనది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చింది. ఇప్పుడది లేకుండా గోంగూర పచ్చడి ఉందా? బయటిది వచ్చి మన రుచిలో కలిసి కొత్తదవుతుందని సమాజశాస్త్రవేత్త రోలండ్ రాబర్ట్‌సన్ అన్నది ఇదే. 2021లో పూత మొత్తం తినేసిన నల్ల తామర పురుగు కూడా ఆగ్నేయాసియాదే. దాన్ని ఏ సిద్ధాంతంలో పెడతారు?

నల్లపాడు రైతుబిడ్డ:
అక్కా, మొక్క సంగతి ఒప్పుకుంటా. ఆ పురుగు ఏడాది మా ఊళ్లో పైరు పీకేసినవాళ్లున్నారు, కౌలు మాత్రం కట్టాల్సొచ్చింది.

మాస్టారూ, రూలు ప్రపంచానిదే, సరే. ఖర్చు ఎవరిది? పట్టా మేమే కొనాలి, కాయ చెమ్మగా ఉంటే ధరలో కోత మాకే. పరీక్ష ఖర్చు కూడా ఎగుమతిదారుడు మా రేటులోనే చూసుకుంటాడు. యూరప్‌లో కొనేవాడు దీనికి పైసా ఎక్కువిస్తే మా కల్లం దాకా ఎందుకు రావట్లేదు? లాభం కేరళలో ఆగినా షాంఘైలో ఆగినా రైతు అంచునే ఉన్నాడు. వాలర్‌స్టైన్ దేశాల పేర్లు మార్చి చదవండి, లెక్క అక్షరాలా కుదురుతుంది. మేయర్ సిద్ధాంతంలో ఈ ఖర్చు లెక్క ఎక్కడుందో చూపించండి.