అమెరికా ఆర్మీలో రేప్, మర్డర్ కేసులు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి?

సుధ_ఆర్:
మా అక్క కొడుకు అమెరికా ఆర్మీలో ఉన్నాడండీ, మొన్న ఫోన్లో "పెద్ద కేసులు ఇప్పుడు మా కమాండర్ చేతిలో లేవు పిన్నీ" అన్నాడు. అంటే ఇన్నాళ్లూ ఎవరి మీదైనా రేప్ కంప్లైంట్ వస్తే కోర్టుకి పంపాలా వద్దా అని తేల్చింది వాళ్ల పై ఆఫీసరా?? కాస్త విడమరిచి చెప్పండి

చట్టం_గోల:
అవునండీ అంతే. కన్వీనింగ్ అథారిటీ అంటారు, పెద్ద కేసులకైతే మామూలుగా ఒక జనరల్. పక్కన లాయరు సలహా ఇస్తాడు కానీ సంతకం ఈయనది. జ్యూరీలో ఎవరు కూర్చోవాలో కూడా ఈయనే చెప్పేది. ఇంకో విడ్డూరం, తీర్పొచ్చాక కూడా కొట్టేయొచ్చు. ఇటలీలో ఏవియానో బేస్‌లో ఒక లెఫ్టినెంట్ కల్నల్‌కి లైంగిక దాడి కేసులో ఏడాది జైలు పడితే, 2013లో పైనున్న త్రీ స్టార్ జనరల్ ఆ తీర్పునే రద్దు చేసేశాడు. జనం గగ్గోలు పెట్టాక ఆ పవర్‌కి కత్తెర పడింది, కేసు పెట్టే పవర్ మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని కమాండర్ల చేతిలోంచి తీసేయాలన్న సెనేటర్ గిల్లిబ్రాండ్ బిల్లుకి 2014లో 55 ఓట్లొచ్చాయి, 60 కావాలి, పోయింది. 2020లో ఫోర్ట్ హుడ్ సైనికురాలు వనెస్సా గియెన్ హత్యతో మళ్లీ రాజుకుని 2021 డిసెంబర్‌లో చట్టం వచ్చింది, అమలు 2023 డిసెంబర్ 28 నుంచి. మర్డర్, రేప్, కిడ్నాప్, గృహహింస లాంటివి ఇప్పుడు స్పెషల్ ట్రయల్ కౌన్సెల్ అనే మిలిటరీ లాయర్లు చూస్తారు, వాళ్ల హెడ్ నేరుగా ఆర్మీ సెక్రటరీకే రిపోర్ట్ చేస్తారు, ఆయన సివిలియన్.

పాత_బూట్లు:
జనరల్స్ ఎన్నేళ్లు అడ్డుపడ్డారో... కేసులు లాగేసుకుంటే యూనిట్‌లో మా మాట ఎవడు వింటాడు అని. ఆ పవర్ చేతిలో ఉన్నన్నాళ్లు ఏం ఉద్ధరించారో మాత్రం చెప్పరు. నిందితుడూ బాధితురాలూ ఇద్దరూ తన యూనిట్ వాళ్లే అయినప్పుడు ఏ కమాండరైనా ఎటూ మొగ్గకుండా ఉంటాడా

సుధ_ఆర్:
మరి ఆ లాయరే ఈ కేసు నిలబడదు అని వదిలేస్తే? మళ్లీ కమాండర్ దగ్గరికేనా?

చట్టం_గోల:
వస్తుంది, కానీ ఆ నేరం కింద జనరల్, స్పెషల్ కోర్ట్ మార్షల్‌కి (సైనిక కోర్టుల్లో పై రెండు స్థాయిలు) ఆయన పంపలేడు. జీతం కోయడమో ర్యాంకు తగ్గించడమో సర్వీసు నుంచి సాగనంపడమో, అంతవరకే. లైంగిక వేధింపుల కంప్లైంట్లు కూడా విచారణలో నిజమని తేలితే 2025 జనవరి 1 తర్వాత జరిగినవి ఈ లాయర్ల దగ్గరికే.

పాత_బూట్లు:
అంతా బానే ఉంది గానీ జ్యూరీ సభ్యుల్ని నియమించేది ఇప్పటికీ ఆ కన్వీనింగ్ అథారిటీయే కదా, దాని సంగతేంటి బ్రో