వెబ్‌వ్యూ2లో రైట్ క్లిక్ మెనూ మార్చేదెట్లా?

బురుజు_కర్నూలు:
విన్‌ఫార్మ్స్ (విండోస్ ప్రోగ్రామ్‌లు రాసే పద్ధతి), డాట్‌నెట్ 8. ఆదోని పత్తి మండీకి తక్‌పట్టీలు (తూకం, ధర చీటీలు) రాసే ప్రోగ్రామ్. ఎంట్రీ పేజీ వెబ్‌వ్యూ2లో (ప్రోగ్రామ్ లోపల వెబ్ పేజీ చూపించే మైక్రోసాఫ్ట్ కంట్రోల్) తెరుచుకుంటుంది. గుమాస్తా సగం తూకాలు కొట్టి, రైట్ క్లిక్‌లో రీఫ్రెష్ నొక్కితే అంతా ఖాళీ. కంట్రోల్‌కి కాంటెక్స్ట్‌మెనూస్ట్రిప్ (విన్‌ఫార్మ్స్ సొంత రైట్ క్లిక్ మెనూ) తగిలిస్తే కనబడదు. మౌస్‌డౌన్‌లో (మౌస్ నొక్కినప్పుడు నడిచే కోడ్) బ్రేక్‌పాయింట్ పెడితే అసలు ఆగదు. కాపీ, పేస్ట్, "ఈ లాట్ స్లిప్పు ప్రింట్" ఉంటే చాలు.

గండికోట:
మౌస్‌డౌన్ రాదన్నా. పేజీని నడిపేది వేరే ప్రాసెస్, టాస్క్ మేనేజర్‌లో చూడు. క్లిక్ నీ ఫామ్ దాకా చేరదు.

కాంటెక్స్ట్‌మెనూరిక్వెస్టెడ్ ఈవెంట్ (రైట్ క్లిక్ మెనూ తెరుచుకునే ముందు వచ్చే కబురు) పట్టుకో. వెబ్‌వ్యూ2ను సిద్ధం చేసే ఎన్‌ష్యూర్‌కోర్‌వెబ్‌వ్యూ2ఎసింక్ అవేట్ అయినాకే తగిలించు. కన్‌స్ట్రక్టర్‌లో అయితే కోర్‌వెబ్‌వ్యూ2 ఇంకా నల్.

లోపల మెనూఐటెమ్స్‌ను చివర నుంచి మొదటికి తిరుగుతూ, కాపీ, పేస్ట్ కానివి తీసెయ్. ముందు నుంచి తీస్తే ఇండెక్స్ జరిగిపోయి పక్కది తప్పించుకుంటుంది. పోల్చేది నేమ్‌తో, లేబుల్‌తో కాదు. భాష మారితే లేబుల్ మారుతుంది.

ప్రింట్ ఐటెమ్‌ను క్రియేట్‌కాంటెక్స్ట్‌మెనూఐటెమ్‌తో ఒక్కసారే చెయ్, దాన్ని నొక్కితే వచ్చే కస్టమ్‌ఐటెమ్‌సెలెక్టెడ్ ఈవెంట్ తగిలించేది కూడా అప్పుడే. ప్రతి రైట్ క్లిక్‌కీ దానికే మళ్ళీ మళ్ళీ తగిలిస్తే, ఐదోసారికి ఒక్క నొక్కుకి ఐదు స్లిప్పులు వస్తాయి!

శనక్కాయ_అనంతపురం:
ఆర్‌డీఫాల్ట్‌కాంటెక్స్ట్‌మెనూస్‌ఎనేబుల్డ్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేసి ఉంటే తీసేయండి, ఈవెంటే రాదు. పేజీ స్క్రిప్ట్‌లో రైట్ క్లిక్ మెనూను ఆపే ప్రివెంట్‌డీఫాల్ట్ ఉన్నా అంతే.

అయినా రైట్ క్లిక్ ఒక్కటి మూస్తే ఏం లాభం, ఎఫ్5 ఉంది కదా. బ్రౌజర్ షార్ట్‌కట్ కీలను ఆపడానికి ఆర్‌బ్రౌజర్‌యాక్సిలరేటర్‌కీస్‌ఎనేబుల్డ్ ఫాల్స్ చెయ్యండి. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ మాత్రం పని చేస్తూనే ఉంటాయి.

బురుజు_కర్నూలు:
ఎఫ్5 సంగతి మర్చేపోయినా. మెనూ వచ్చింది. ప్రింట్ నొక్కితే "ఎన్ని కాపీలు" అడిగే డైలాగ్ దగ్గర ఒక్కోసారి బిగుసుకుంటోంది. ఏ లాట్ మీద నొక్కినారో కూడా తెలీట్లేదు.

గండికోట:
ఈవెంట్ నడుస్తుండగా డైలాగ్ తెరిస్తే వెబ్‌వ్యూ2 అక్కడే ఇరుక్కుంటుంది. బిగిన్‌ఇన్వోక్‌లో పెట్టు, హ్యాండ్లర్ (ఈవెంట్‌కి రాసిన కోడ్) ముగిసినాక తెరుచుకుంటుంది.

లాట్ నంబరు ఈవెంట్ ఇచ్చే కాంటెక్స్ట్‌మెనూటార్గెట్‌లో దొరకదు. అందులో లింకు, ఎంచుకున్న టెక్స్ట్ లాంటివే ఉంటాయి. టేబుల్ వరసకి డేటా-లాట్ అని ఆట్రిబ్యూట్ పెట్టి, పేజీలో కాంటెక్స్ట్‌మెనూ వినిపించినప్పుడు ఆ నంబరును క్రోమ్.వెబ్‌వ్యూ.పోస్ట్‌మెసేజ్‌తో పంపు. ప్రోగ్రామ్ వైపు వెబ్‌మెసేజ్‌రిసీవ్డ్ ఈవెంట్‌లో దాచుకో. వరస బయట నొక్కితే ఖాళీ పంపాలి, లేదంటే పాత లాట్ స్లిప్పే పడుతుంది.