సమస్యాపూరణం: కన్ను మూసి చెప్పెఁ గబురు పిల్లి

నిర్వాహకుడు (మల్లేశ్వరం):
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. 'కన్ను మూసి' అనగానే ముందు చావు తడుతుంది; చచ్చిన పిల్లి కబురెలా చెప్పిందన్నదే చిక్కు. ఒకటే కోరిక, పిల్లిని చూసి రాయండి. ఎదిగిన పిల్లులు తమలో తాము మ్యావ్ అనుకోవడం అరుదు, ఆ అరుపు ఎక్కువగా మన కోసమే. అసలు మాటంతా చెవుల్లో, తోకలో, కళ్ళలో ఉంటుంది. అది పద్యంలోకి రావాలి.

జయనగర అక్కయ్య:
కిటికి గట్టు మీద నటునిటు చూచుచు
నన్నుఁ గాంచి యపుడు నయముగాను
భయము లేదు నాకు పక్కకు రమ్మని
కన్ను మూసి చెప్పెఁ గబురు పిల్లి

మొన్న వానల్లో మా అపార్ట్‌మెంట్ పార్కింగులో కారు కింద దొరికిందండీ. మూడు వారాలు మంచం కిందే ఉంది. ఒక సాయంత్రం గట్టెక్కి నన్నే చూసింది. రెప్పలు సగం దించింది, కాసేపు అలాగే ఉంచింది, తర్వాత పూర్తిగా మూసి తెరిచింది. నేనూ అలాగే చేశాను. దిగి వచ్చి నా మడమకి బుగ్గ రుద్దింది.

నిర్వాహకుడు:
అక్కయ్యా, మొదటి పాదంలో ప్రాసయతి (కిటి-నటు, రెండో అక్షరాలు కలవడం) హాయిగా కుదిరింది. రెండో పాదంలో 'యపుడు' గణం (పాదంలోని లయ ముక్క) కోసం వచ్చిన మాట. మీరే చెప్పారు, అది కాసేపు ఆగిందని. 'నన్నుఁ గాంచి యాగి నయముగాను' అనండి. ఆ ఆగడంలోనే ఉంది విషయమంతా. రెప్ప టక్కున కొడితే అది వట్టి రెప్పపాటే. సస్సెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో దీన్నే పరీక్షించి చూశారు. కొత్త మనిషి మెల్లగా కళ్ళు మూసి తెరిచి చెయ్యి చాపితే, మామూలు ముఖంతో చాపినప్పటికంటే పిల్లులు ఎక్కువగా దగ్గరికి వచ్చాయి.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు:
తోక నూపి ప్రేమ తొణికించి దరిఁజేరి
కాళ్ళ చుట్టు తిరిగి కడకు నిలిచి
పాలు పోయుమంచుఁ బలుకరించినయట్లు
కన్ను మూసి చెప్పెఁ గబురు పిల్లి

నిర్వాహకుడు:
ఛందస్సుకి వంక లేదు తమ్ముడూ, కానీ తోక ఊపి ప్రేమ చూపేది కుక్క. పిల్లి తోకని అటూ ఇటూ కొడుతోందంటే చిరాకులో ఉందని, చెయ్యి వెనక్కి తీసుకోవాలని. ప్రేమగా వచ్చేటప్పుడు తోక నిటారుగా లేపుతుంది, చివర కొంచెం వంగి ఉంటుంది. 'నూపి' తీసి 'నెత్తి' పెట్టండి, గణం చెడదు. పద్యంలో పాలు ఉండనివ్వండి గానీ ఇంట్లో పొయ్యకండి, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు.

మారతహళ్ళి చెల్లి:
మూల నక్కి మేను ముడుచుక కూర్చుండి
చెవులు పక్కకొరిగి చిన్నబోయి
తిండి వద్దటంచుఁ దీవ్ర బాధను దాచి
కన్ను మూసి చెప్పెఁ గబురు పిల్లి

జయనగర అక్కయ్య:
చెల్లీ, చదవగానే గుండె పట్టేసింది. నా పద్యంలో మూసిందీ కన్నే, నీ పద్యంలో మూసిందీ కన్నే. మనకి తేడా ఎలా తెలుస్తుంది?

నిర్వాహకుడు:
రెండో పాదం చూడండి అక్కయ్యా, తేడా చెవుల్లో ఉంది. నెమ్మదిగా ఉన్న పిల్లి చెవులు ముందుకి నిలబడి ఉంటాయి. నొప్పిలో ఉంటే పక్కలకి తిరిగి విడిపోతాయి, మూతి బిగుసుకుంటుంది, మీసాలు వంపు పోయి తిన్నగా సాగుతాయి, తల భుజాల కంటే కిందికి వాలుతుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పిల్లి ముఖంలో నొప్పికి ఒక కొలత ప్రచురించారు. చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల తీరు, ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తారు. 'ముడుచుక' వ్యావహారికమే అయినా ఇక్కడ మార్చమనను. 'బాధను దాచి' అన్నాక 'చెప్పెఁ గబురు' అనడం ఈ వారం పూరణల్లో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు. అమ్మా, ఇది చూసి రాసిందేనా? డాక్టరుకి చూపించారా?

మారతహళ్ళి చెల్లి:
చూసి రాసిందే మాస్టారూ. మగపిల్లి. ఇసుక తొట్టెలోకి పదే పదే వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చేది. మూత్రం ఆగిపోయిందని తెలిసి రాత్రికి రాత్రి తీసుకెళ్ళాం. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. గొట్టం వేసి మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. నిన్న ఇంటికి తెచ్చాం. పొద్దున్న గిన్నె సగం ఖాళీ చేసింది. చెవులు మళ్ళీ ముందుకి నిలబడ్డాయి.